నీళ్ళ తారీఖుల మేడమ్

ఆమె పోయిందన్న సంగతి నాకు చెప్పింది నల్లా నీళ్ళు వదిలే జహంగీర్. ఫోన్ ఎత్తగానే సలాం చెప్పి, "సార్, నీళ్ళ తారీఖుల మేడమ్ మొన్న పోయింది" అన్నాడు. ఆ వెంటనే రెండో మాట కూడా చెప్పేశాడు.

"కాగితం ఈ నెలాఖరు దాకనే ఉన్నది సార్. వచ్చే నెలది మీరు తీసిస్తరని గల్లీల అందరు అంటున్నరు."

చావు కబురూ పని కబురూ ఒకే ఊపిరిలో వినవలసి వచ్చినందుకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె కూడా ఆ రెండో మాటకు కోప్పడేది కాదు. మొదటి మాటకే కోప్పడేది. "మొన్న అంటే ఏ తారీఖు? ఎన్ని గంటలకు?" అని అడిగేది. మొన్న, అప్పట్లో, ఆ మధ్య లాంటి మాటలు ఆమెకు పడవు. నా క్లాసులో ఎవరైనా "మొన్న చెప్పారు కదా సార్" అంటే వెనక్కి తిరిగి, "మొన్న గాదు, బుధవారం" అని సరిచేసి మళ్ళీ ముందుకు తిరిగేది.

అప్పట్లో నేను కార్ఖానా అనే పేటలో, మెయిన్ రోడ్డు మీద, ఒక బేకరీ పై అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్‌లో ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలు చెప్పేవాణ్ణి. పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక బ్యాచ్. డిగ్రీ చదివే పిల్లలు పదకొండు మంది, పన్నెండో మనిషి ఆమె. అరవై దాటిన మనిషి. నేత చీర, భుజానికి గుడ్డ సంచి, చేతికి మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ. మొదటి రోజు ఆరూ యాభైకే వచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను ఏడూ నాలుగుకు వచ్చి తాళం తీశాను. ఆమె వాచీ వంక చూసింది, అంతే. మర్నాటి నుంచి నేను ఏడుకు ఐదు నిమిషాల ముందే రావడం మొదలుపెట్టాను. సెంటర్ యజమాని ఏడాదిగా చెప్పినా కాని పని అది.

నగరం చివర ఒక ఫ్యాక్టరీలో, టైమ్ ఆఫీసులో, ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరైంది. గేటు పక్కన అద్దాల గదిలో కూర్చుని, ఎవరు ఎన్ని గంటలకు లోపలికి వచ్చారో రిజిస్టర్లో రాయడం ఆమె ఉద్యోగం. సమయానికి వస్తే నీలం సిరా. ఐదు నిమిషాలు దాటితే ఎర్ర సిరా. దోస్తులకూ చుట్టాలకూ ఒకటే సిరా. దాంతో ఆమెకు దోస్తులు మిగల్లేదని ఆమే చెప్పింది, ఏదో పాత రికార్డు చదివి వినిపించినట్టు.

నన్ను పిలవడంలో కూడా ఆమెకు ఒక టైం ఉండేది. ఏడు నుంచి ఎనిమిది దాకా నేను "సార్". ఎనిమిది కొట్టగానే "బిడ్డా". ఎనిమిదికి ఒక నిమిషం ముందు డౌటు అడిగి, నా జవాబు ఎనిమిది దాటిందంటే, సారుతో మొదలైన మాట బిడ్డతో ముగిసేది. "గట్లనా సార్" అని తలూపి, సంచి సర్దుకుంటూ, "ఏమన్న తిన్నవా బిడ్డా" అనేది. నాకు అప్పుడు పాతికేళ్ళు. రెండు పిలుపులకూ తడబడేవాణ్ణి.

ఈ వయసులో ప్రోగ్రామింగ్ ఎందుకని నేను అడగలేదు. మూడో వారంలో ఆమే చెప్పింది.

ఆమె గల్లీలో ఇరవై రెండు ఇళ్ళు. కొత్త పైపులు వేశాక నల్లా వంతు మారింది. నాలుగు రోజులకోసారి, సాయంత్రం ఒక్క అరగంట వస్తుంది. ఏ రోజన్నది ఎవరికీ గుర్తుండదు. ఇవాళంటే ఇవాళని, రేపంటే రేపని జగడాలు. ప్రతి ఇంట్లోనూ ఒకరు పని మానుకుని బిందెల పక్కన కాపలా. కంప్యూటర్ చేత తారీఖులు చెప్పించాలని ఆమె కోరిక.

"దానికి ప్రోగ్రామ్ ఎందుకు మేడమ్, క్యాలెండర్ మీద టిక్కులు పెడితే సరిపోతుంది కదా" అన్నాను.

"నేను టిక్కు పెడితే నా మాట అంటరు సార్. కంప్యూటర్ల నుంచి తీస్తే కంప్యూటర్ మాట అంటరు. మా గల్లీల సగం మంది మా ఫ్యాక్టరీ వాళ్ళే. నా మాట ఎవరింటరు?"

ఆమె అప్పటికి నేర్చుకున్నది కూడిక, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించడం. వాటితోనే ప్రోగ్రామ్ రాసేసింది. ఒకటో తారీఖున నీళ్ళు వస్తే నాలుగు కలుపు, మళ్ళీ నాలుగు కలుపు. మర్నాడు ప్రింటు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ముఖంలో నవ్వు లేదు, విసుగూ లేదు.

"సార్, మా గల్లీల ముప్పై మూడో తారీఖు నీళ్ళొస్తయంట."

కాగితం చూశాను. ఒకటి, ఐదు, తొమ్మిది అనుకుంటూ ఇరవై తొమ్మిది దాకా సక్రమంగా నడిచి, ఆ తర్వాత ముప్పై మూడు, ముప్పై ఏడు, నలభై ఒకటి. పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగి, "నవ్వేదేమున్నది. నెల అయిపోయిందని దానికి ఎవరు చెప్పిన్రు? మనం చెప్పలే" అంది. తారీఖుల పాఠంలో నేను చెప్పవలసిన మొదటి వాక్యం అది. ఆమే చెప్పేసింది.

అలా, ఇంకో నెలకు రావలసిన తారీఖుల పాఠాన్ని నేను ఆ వారమే మొదలుపెట్టాను. తారీఖు ఉత్త అంకె కాదని, దాని వెనక నెల, సంవత్సరం, లీపు సంవత్సరం ఉంటాయని, వాటిని చూసుకునే సరంజామా నేను నేర్పే కంప్యూటర్ భాష పైథాన్‌లో ముందే ఉందని చెప్పాను. రెండు తారీఖుల మధ్య తీసివేత చేస్తే రోజులు వస్తాయి. మొదటి అభ్యాసంగా, పుట్టి ఎన్ని రోజులైందో కనుక్కోమన్నాను. పిల్లలు రెండు నిమిషాల్లో కనుక్కుని ఒకరి రోజులు ఒకరికి చూపించుకుంటున్నారు. ఆమె చేతులు ముడుచుకుని కూర్చుంది.

"ఏ తారీఖు రాయాలె సార్?"

"మీరు పుట్టిన తారీఖు."

"సర్టిఫికెట్‌ల జూన్ ఒకటి ఉన్నది. అది నాది గాదు, మా బడి పంతులు వేసింది. ఆ యేడు బడిల చేరినోళ్ళందరం జూన్ ఒకటినే పుట్టినం. మా అమ్మనేమో, బతుకమ్మకు ముందు ఆదివారం, పాలోళ్ళు వచ్చే యాళ్ళకు అనేది. ఏ యేడో ఆమెకు యాదికి లేదు."

"ఏదో ఒకటి రాయండి మేడమ్, ప్రాక్టీసే కదా."

"ఏదో ఒకటి ఎట్ల రాస్త సార్? గా పంతులు తారీఖు చూసే నన్ను రిటైర్ చేసి ఇంటికి పంపిన్రు."

మొత్తానికి జూన్ ఒకటే రాసింది. వచ్చిన అంకెను నోటుబుక్కులో ఎక్కించి, పక్కన "పంతులు లెక్క" అని రాసుకుంది. పదిమందికీ ముప్పై రెండేళ్ళు నిమిషాలు లెక్కగట్టిన మనిషికి తన మొదటి రోజు ఏదో తెలియదు. నేను అదే మాట కొంచెం చమత్కారంగా అన్నాను. ఆమె నవ్వలేదు. "అందుకే గద సార్, మిగిలినయన్న సక్కగ ఉండాలె" అంది.

ముప్పై మూడో తారీఖు సరిచేశాక ఆమె మొదటి కాగితం తీసి గేటుకు అంటించింది. అంతా బాగానే ఉంది కానీ, ఆ శుక్రవారం క్లాసుకు వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి పిల్లలు కూడా మాట తగ్గించారు.

"కంప్యూటర్ అబద్ధం చెప్పింది సార్. సోమవారం నీళ్ళొచ్చినయి. ఇయ్యాల శుక్రవారం రావాలె. నిన్ననే వచ్చిపోయినయి. కాగితాన్ని నమ్మి అందరు ఎటోళ్ళు అటు పోయిన్రు. నేను సుత నమ్మి తిరుమలగిరిల మా చెల్లె ఇంటికి పోయిన. గల్లీ మొత్తం ఎండింది."

ప్రోగ్రామ్ రెండుసార్లు చూశాను. తప్పు లేదు. సోమవారానికి నాలుగు రోజులు కలిపితే శుక్రవారమే. ఎనిమిది దాటాక ఆమె వెంట గల్లీకి వెళ్ళాను. అప్పుడే జహంగీర్‌ను మొదటిసారి చూశాను. వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప చువ్వను భుజాన వేసుకుని, ఏడు గల్లీల వంతులు నోటి లెక్కతో నడిపే మనిషి. నాలుగు రోజులకోసారి అన్నారు కదా, మూడో రోజే ఎందుకు వదిలారని అడిగాను.

"మూడెక్కడిది సార్, నాలుగే" అని వేళ్ళు ముడిచాడు. "సోమవారం ఒకటి. మంగళ రెండు. బుధ మూడు. బేస్తారం నాలుగు. నాలుగో దినం వదిలిన."

ఆయన మొదలుపెట్టిన రోజును కూడా లెక్కలోకి తీసుకున్నాడు. కంప్యూటర్ తీసుకోదు. ఇద్దరిదీ తప్పు కాదు, నీళ్ళు మాత్రం పోయాయి. ఆమె జహంగీర్ వేళ్ళనే చూస్తూ నిలబడింది.

"ఇట్ల లెక్కవెడతవని ముందుగాల చెప్తే ఏమాయె?"

"అందరు గిట్లనే లెక్కవెడతరు గద మేడమ్" అన్నాడు జహంగీర్. ఆయనకు నిజంగానే ఆశ్చర్యంగా ఉంది.

ఎదురింటి అరుగు మీద చాయ్ తాగుతున్న పెద్దమనిషి ఒకడు మా వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు అన్నాడు. "ముప్పై రెండేండ్లు మంది లేట్లు రాసింది. ఇయ్యాల ఆమెకే ఒక దినం తేడా వచ్చింది."

ఆమె తల తిప్పలేదు. "రాసుకో మల్లేశం. ఎర్ర సిరాతోనే రాసుకో" అంది.

గల్లీ చివరిదాకా సాగనంపడానికి వచ్చినప్పుడు మల్లేశం గురించి చెప్పింది. అదే ఫ్యాక్టరీలో ఫిట్టర్. సర్వీసు మొత్తం లేటే. రిటైరైన రోజు తన సన్మానానికి తనే లేటుగా వచ్చాడట. ఎర్ర సిరా అతనికి అలవాటే. కానీ ఒక్క రోజు మాత్రం ఆరు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, ఈ ఒక్కసారి నీలం వెయ్యమని అడిగాడు. ఆమె వెయ్యలేదు. ఆ రోజు అతని భార్య కాన్పుకు దవాఖానలో ఉందని సాయంత్రం తెలిసింది. ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడలేదు. ఎదురెదురు ఇళ్ళు.

"దవాఖాన సంగతి ముందే తెలిస్తే?" అన్నాను.

"తెలిసినా రాసేదాన్ని." కాసేపు నడిచి, "రిజిస్టర్ల దానికి గడి లేకుండె బిడ్డా" అంది.

ప్రోగ్రామ్‌లో నాలుగు తీసి మూడు పెట్టింది. అప్పటి నుంచి కాగితం తప్పలేదు. గేటుకు అంటించినది వానకు తడుస్తోందని ఇంటికొక చీటీ ప్రింటు తీయడం మొదలుపెట్టింది. మీద ఇంటివాళ్ళ పేరు, కింద తారీఖు, వారం, టైం. వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు కదా అంటే, "గుడ్ మార్నింగుల కింద మునిగిపోతది సార్" అంది. ప్రతి నెలాఖరున తనే ఇరవై రెండు గేట్లలోనూ చీటీలు పెట్టి వచ్చేది. మల్లేశం గేటు సందులో కూడా. అతను మాట్లాడకుండానే తీసుకునేవాడు. అతని ఇంట్లో సంపు లేదు, భార్యకు మోకాళ్ళ నొప్పులు. ఆ అరగంటలో నాలుగు డ్రమ్ములు నింపుకోకపోతే మళ్ళీ వంతు దాకా పక్కింట్లో అడుక్కోవాలి. పౌరుషం చీటీ దాకా రాలేదు.

ఒక రోజు జహంగీర్ క్లాసుకే వచ్చాడు, చువ్వతో సహా. పిల్లలు భయపడ్డారు. ఆయన తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, జెర పరేషాన్ల ఉన్న. మా చెల్లె బిడ్డ పెండ్లికి పోయి వచ్చిన. ఇయ్యాల ఎవరి వంతు?" అని అడిగాడు. ఆమె సంచిలోంచి, అప్పటికి ఏడు గల్లీల వంతులూ ఎక్కిన కాగితం తీసి చూసి చెప్పింది. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. మొదట్లో జహంగీర్ వదిలిన నీళ్ళను చూసి ఆమె లెక్క రాసేది. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె లెక్క చూసి జహంగీర్ నీళ్ళు వదులుతున్నాడు. ఏడు గల్లీలవీ. నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామందికి మంచి ఉద్యోగాలు వచ్చాయి. కానీ వాళ్ళు రాసిన దేన్ని బట్టీ ఒక్క వాల్వు తిరిగినట్టు నాకు తెలియదు.

తర్వాత నేను ఆ సెంటర్ వదిలి, ఏ.ఎస్. రావు నగర్‌లో ఇల్లు తీసుకుని, వేరే ఉద్యోగంలో పడ్డాను. ఏడాదికోసారి ఆమె ఫోన్ చేసేది. లీపు సంవత్సరం ఫిబ్రవరి సరిగ్గా దాటిందని ఒకసారి చెప్పింది, మనవడు పరీక్ష పాసైనట్టు.

జహంగీర్ ఫోన్ చేశాక వచ్చిన ఆదివారం వెళ్ళాను. ఆమె భర్త తలుపు తీశాడు. ఎక్కువ మాట్లాడని మనిషి. నేను ఏమీ అడగకముందే, "ఎనిమిదీ ఇరవైకి పోయింది బిడ్డా. గడియారం చూసి పెట్టుకున్న. ఆమె అడుగుతదేమో అనిపించింది" అన్నాడు. ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు.

ఫైలు తెరిచాను. నేను చూసినప్పుడు పన్నెండు వరుసలున్న ప్రోగ్రామ్ ఇప్పుడు మూడు వందలు దాటింది. లెక్క మాత్రం ఆ పన్నెండు వరుసలే. మిగిలినదంతా లెక్కకు లొంగని సంగతులు. ఫలానా తారీఖు జహంగీర్ ఇంట్లో పెండ్లి, ఒక రోజు జరపాలి. నిమజ్జనం, రోడ్డు బంద్. మోటరు కాలింది, రెండు రోజులు. రంజాన్ నెలలో సాయంత్రం వద్దు, ఇఫ్తార్‌కు ఇబ్బంది, గంట ముందు. ప్రతి దాని పక్కనా కంప్యూటర్ పట్టించుకోని, మనిషి చదువుకోవడానికి మాత్రమే రాసే పంక్తి ఒకటి. అలా రాసుకోమని నేనే నేర్పాను. పిల్లలెవరూ రాసేవాళ్ళు కాదు.

ప్రింటు తీయబోతుండగా మల్లేశం వచ్చాడు. నేను వచ్చానని తెలిసి వచ్చాడట. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ ఇంట్లోకి రావడం అతనికి అదే మొదటిసారి కాబోలు, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఉన్నాడు.

"సార్, కొత్త చీటీలు తీస్తున్నరట. నా దాంట్ల ఒక తప్పున్నది. సరిచెయ్యున్రి."

"ఏం తప్పు?"

రెండు చీటీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి అతనిది, ఒకటి పక్కింటివాళ్ళది. పక్కింటి చీటీలో ప్రతి వంతుకూ ఐదున్నర అని ఉంది. అతని చీటీలో ప్రతి వంతుకూ ఐదూ పది.

"నిన్ననే చూసిన సార్. ఇన్నేండ్ల సంది నా ఒక్కనికే ఇరవై నిమిషాలు ముందు వేసింది. అందరికంటె ముందుగాల నన్ను నల్లా కాడ నిలవెట్టాల్నని. సచ్చినోళ్ళను అనొద్దు గాని, గా పగ సూడున్రి."

"మీరు ఐదూ పదికే వెళ్ళి నిలబడేవారా?"

"ఏడ సార్. హోటల్ల చాయ్ తాగి, దోస్తులతోని నాలుగు ముచ్చట్లు చెప్పి పోయేసరికి గప్పుడే నీళ్ళు షురూ అయ్యేటియి. నా నసీబు మంచిగుండి బతికిపోయిన."

నేను ఫైలులో అతని పేరు వెతికాను. దొరికింది. మల్లేశం ఇంటికి ఇరవై నిమిషాలు తగ్గించు అని ఒక వరుస. దాని పక్కన ఆమె రాసుకున్న పంక్తి: "హోటల్ నుంచి వచ్చేసరికి ఇరవై పడుతది. ఎవరికీ చెప్పొద్దు." పక్కన తారీఖు వేసింది. చీటీలు మొదలైన రెండో నెల.

మల్లేశం నా వెనక నిలబడి స్క్రీన్ వైపు చూస్తున్నాడు. ఆ అక్షరాలు అతనికి అందలేదు. కళ్ళజోడు ఇంట్లో మరచి వచ్చాడు.

"దొరికిందా సార్?"

"దొరికింది."

"తీసెయ్యున్రి మరి."

చెప్పొద్దని ఆమె రాసింది. తీసెయ్యమని అతను అడుగుతున్నాడు. సరైన టైం ఐదున్నర అన్నది నిజం, నేను ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పింది కూడా అదే, ఉన్నది ఉన్నట్టు చూపించాలని. ఇరవైని సున్నా చేసి ప్రింటు తీశాను. మల్లేశం తన చీటీలో ఐదున్నర చూసుకుని, గెలిచినవాడిలా జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

కొత్త నెల మొదటి వంతు రోజు సాయంత్రం ఆరూ ఐదుకు ఫోన్ మోగింది.

"సార్, మల్లేశంను. నీళ్ళు బందయినయి."

"ఎప్పుడు వచ్చాయి?"

"ఐదున్నరకే వచ్చినయట. నేను పోయేసరికి ఐదూ యాభై దాటింది. ఒక్క డ్రమ్ము సుత నిండలే. ఇంట్ల ఆమె తిడుతున్నది."

అవతల ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది.

"సార్, నా చీటీల ఆమె వేసినట్టే వెయ్యున్రి."

"ఐదూ పదా? అది తప్పు టైం అన్నారు కదా."

"తప్పయితే తప్పాయె" అన్నాడు మల్లేశం. "నాకు గా టైంకే నీళ్ళు దొరికినయి."